ఉప్పునూతి పేట మర్యాద

మొన్న వేసవి మొదట్లో రంపచోడవరం దాటి కొండల్లోకి వెళ్ళాను. అమలాపురంలో ఉద్యోగాలు విరమించి, పొద్దు పోక, నలుగురం ఒకచోట చేరి కాఫీలు తాగే మాబోటివాళ్ళం కొందరం ఉన్నాం. కొండ గ్రామాలకు మంచినీళ్ళు దింపే ఒక స్వచ్ఛంద సంస్థకు చేతనైనంత సాయం చేస్తుంటాం. పైన చరియల్లో ఊట ఎక్కడుందో వెతికి, అక్కడొక తొట్టి కట్టి, గొట్టాలు వేసి ఊరి మధ్యకు నీళ్ళు తీసుకురావడం వాళ్ళ పని. ఏ ఊరికి ముందు వెయ్యాలి, ఏ ఊరికి వెనక వెయ్యాలి అని తేల్చడానికి వెళుతూ నన్నూ రమ్మన్నారు. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పుకున్నదాన్ని, గొట్టాల సంగతి నాకేం తెలుసు అన్నాను. మీకు నోరుంది కదండీ, ఆడవాళ్ళతో మాట్లాడి పెడుదురు గాని అన్నారు. నోరున్న మాట నిజమే కనుక జీపెక్కాను.

ఒక కొండ ఊళ్ళో ఒకావిడ మమ్మల్ని చూడగానే మంచం వాల్చి, దుప్పటి పరిచి, గ్లాసులతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తేటగా, చల్లగా ఉన్నాయి. మాతో వచ్చినాయన సగం తాగి, "నీళ్ళు బాగానే ఉన్నాయే, ఈ ఊరు వచ్చే ఏడాదికి పెట్టుకోవచ్చేమో" అన్నాడు నా చెవిలో. గ్లాసు పక్కన పెట్టి, "ఇవి కాదమ్మా, మీరు రోజూ తాగే నీళ్ళేవి? ఆ కుండ చూపించు" అన్నాను. ఆవిడ నవ్వేసి, "అవి మీకెందుకమ్మా" అంది. నేను వదలలేదు. హోంవర్కు చెయ్యని పిల్లను నిలబెట్టి అడిగినట్టు అడిగాను. ఆవిడ నవ్వు పోయింది. లోపలికి వెళ్ళి, వాగులో చెలమ తీసి తోడుకొచ్చిన నీళ్ళ కుండ తెచ్చి నా ముందు పెట్టింది. అడుగున చిక్కగా ఎర్రమట్టి, పైన ఏదో ఆకు ముక్క. మేం వస్తున్నామని తెలిసి, తెల్లారగానే కొండెక్కి ఎక్కడో ఊట దగ్గర మాకోసం ఒక్క బిందె పట్టుకొచ్చిందట. మావాళ్ళు వెంటనే ఆ ఊరిని ముందుకు జరిపారు. తిరుగుదారిలో జీపులో అందరూ, మీరు భలే కనిపెట్టారండీ అని నన్ను ఒకటే మెచ్చుకోవడం. నాకు మాత్రం తల కొట్టేసినట్టుంది. నాకు మనవరాలి వయసున్న మనిషిని పదిమందిలో సిగ్గుతో చంపేశాను. పైగా నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఆవిడ చేసిన పనే ఒకప్పుడు మా అమ్మ చేసింది. దాని ఫలితం మా పేట అంతా అనుభవించింది.

మాది సఖినేటిపల్లికి దిగువన, అంతర్వేది పోయే దారిలో వశిష్ఠ గట్టున ఉన్న చిన్న పేట. కొందరివి వలలు, కొందరివి పడవలు. మా నాన్నకు ఒక నావ ఉండేది. ఆ చుట్టుపక్కల దింపిన కొబ్బరికాయలు నర్సాపురం రేవుకు చేరవేసేవాడు. కోనసీమ అనగానే బయటివాళ్ళు మేమంతా బొండాలు కొట్టుకుని తాగుతూ బతికాం అనుకుంటారు. బొండాలతో అన్నం వండుకుంటామా, బట్టలుతుక్కుంటామా? వానాకాలం కాలవలో గోదారి నీరు వచ్చినన్నాళ్ళూ ఎలాగో గడిచేది. వేసవిలో కాలవలు కట్టేసేవారు. ఇక మిగిలేది పెరట్లో నుయ్యి. దాని నీళ్ళు నోట్లో పోసుకుంటే ముందు ఉప్పగా, తర్వాత చేదుగా తగిలి, గొంతు దిగాక ఇంకా దాహం వేసేది. ఆ నీళ్ళతో కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీద పెట్టినా బద్ద బద్దలాగే ఉండేది. సబ్బు నురగొచ్చేది కాదు. పాలల్లో ఓ చుక్క పడితే విరిగి ముద్దయ్యేవి. ఆడవాళ్ళు ఇసక దిబ్బల్లో చెలమలు తీసి, ఊరేదాకా కూర్చుని, కొబ్బరి చిప్పతో తోడి, పాత చీర ముక్కలో వడకట్టి తెచ్చేవారు. మట్టి అడుక్కి దిగి నీళ్ళు తేరాలని మా అమ్మ ఆ కుండలో ఇండుపగింజ అరగదీసి మూత పెట్టేది. నా చిన్నతనం తలుచుకుంటే ఇప్పటికీ మొదట ముక్కుకు తగిలేది ఆ తడి కుండ వాసన, దాని వెనకాల గట్టు దిగువన నానుతున్న కొబ్బరిపీచు కంపు.

మా మామ్మది, అంటే నాన్న తల్లిది, ఇంకో దారి. పుట్టినప్పటినుంచీ ఆ నీళ్ళే తాగిన మనిషి. ఎప్పుడైనా పై ఊళ్ళకు పెళ్ళికి వెళితే అక్కడి నీళ్ళు చప్పగా ఉన్నాయని, కొంగున ముడేసుకున్న ఉప్పురాయి ఒకటి నోట్లో వేసుకుని తాగేది. పొద్దున్నే నూతి దగ్గర పళ్ళు తోముకుంటూ, నూతిలోకి తొంగి చూసి, "ఇంత నీరుండి ఏం లాభమే, దిక్కుమాలిన నుయ్యా" అని తిట్టి, ఆ నీళ్ళే పుక్కిలించి, ఆ నీళ్ళే గటగటా తాగేది. ఆవిడ తిట్టని రోజు ఆ నూతికే తోచేది కాదేమో.

మా అమ్మ సీతారత్నం కొత్తపేట వైపు పిల్ల. వాళ్ళవీ కాలవ మీద పడవలే, కానీ తియ్యని గోదారి నీళ్ళు తాగి పెరిగిన మనుషులు. నాన్న ఆ కాలవ మీద నావ నడుపుకుంటూ వెళ్ళిన రోజుల్లో చూసి ఇష్టపడింది. మా వెంకట్రాజు మావయ్య, అంటే అమ్మ అన్నగారు, ససేమిరా అన్నాడు. పిల్లని గోదారిలో తోసేస్తాను గాని ఉప్పునీళ్ళ ఊరికి ఇవ్వను అన్నాడట. అమ్మ పట్టిన పట్టు వదల్లేదు. పెళ్ళయ్యాక మొదటిసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు, "నీళ్ళెలా ఉన్నాయే అక్కడ?" అని అందరి ముందూ అన్నగారు అడిగితే, "మా పెరటి నుయ్యి తియ్యటి నుయ్యి అన్నయ్యా" అని చెప్పేసింది. చెప్పినదాన్ని నిలబెట్టుకోవద్దూ? అందుకని మావయ్య మా ఇంటికి వస్తున్నాడని కబురొస్తే నాన్న ముందే నావేసుకుని నర్సాపురం వెళ్ళి, కుళాయి నీళ్ళు బిందెలతో తెచ్చి వంటింట్లో దాచేవాడు. పక్కింటి సత్తెమ్మ అత్త తన చెలమ కుండలు వాకిట్లోంచి తీసి లోపల పెట్టుకునేది. మామ్మను నూతి మీద నోరు పారేసుకోకుండా ఎవరో ఒకరు కాపలా కాసేవారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, మా ఇంటి పల్లకీని పేట పేటంతా కలిసి మోసింది. ఒక ఆడపిల్ల పుట్టింటివాళ్ళ ముందు చిన్నబోకూడదు, అంతే వాళ్ళకి తెలిసిన ధర్మం. నాకు అదంతా ఆటలాగే ఉండేది.

నేను పెద్దబడిలో చేరిన ఏడు, ఒక సంస్థ వాళ్ళు దిగువ పల్లెలకు మంచినీళ్ళిచ్చే ఏర్పాటు చేస్తున్నారని ప్రెసిడెంటుగారు కబురు పంపారు. ఇసక పొరల మీంచి వడగట్టే ట్యాంకు కట్టి కుళాయిలు పెడతారట. ఆ ఏడాది ఒక్క ఊరికే. ఊరూరూ తిరిగి, ఎక్కడి నీళ్ళు మరీ అన్యాయంగా ఉంటే అక్కడ కడతారట. ఇక మా పేట ఆనందం చెప్పనలవి కాదు. మా నూతి ముందు ఏ నుయ్యి నిలుస్తుంది? పెంకుటిల్లు, వసారా ఉన్నది మాకొక్కరికే కనుక వాళ్ళను మా ఇంట్లో కూర్చోబెట్టాలని, మాటకారి కాబట్టి సత్తెమ్మ అత్త మాట్లాడాలని, రాగానే నూతినీళ్ళే గ్లాసుల్లో పోసి ఇవ్వాలని పెద్దలంతా అనుకున్నారు. అమ్మ కూడా సరేనంది. కాకపోతే ఒక్క షరతు పెట్టింది. "నీళ్ళు నూతివే ఇస్తాను. కానీ కాఫీకి పాలు విరిగిపోతే ఎలాగండీ? భోజనం పెట్టి, కాఫీ లేకుండా పంపించేస్తామా?" అంది. అదీ నిజమే అనుకుని నాన్న నర్సాపురం నుంచి కుళాయి నీళ్ళు తెచ్చాడు. వంటింట్లో రెండు కడవలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదానిలో నూతివి, ఒకదానిలో నర్సాపురానివి.

వాళ్ళు మిట్టమధ్యాహ్నం వచ్చారు. ఒక ఇంజనీరుగారు, సుశీలమ్మగారని ఒక పెద్దావిడ. పాపం ఎండకు ఆవిడ మొహం కందగడ్డయిపోయింది. పేటంతా మా వాకిట్లోనే ఉంది. అమ్మ వంటింట్లో ట్రేలో గ్లాసులు పెట్టి, అనుకున్న ప్రకారం నూతినీళ్ళ కడవ మీద చెయ్యి వేసింది. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. సరిగ్గా అప్పుడు వసారాలోంచి సుశీలమ్మగారి గొంతు వినబడింది.

"ఈ ఇంటావిడది కొత్తపేట వైపని చెప్పేరు ప్రెసిడెంటుగారు. పడవల వెంకట్రాజుగారి చెల్లెలట కదండీ? ఆయన మా వీధిలోనే ఉంటారు. రేపు ఇంటికెళ్ళగానే చెపుతాను, మీ చెల్లెలుగారింట్లో భోంచేసి వచ్చేనని."

అమ్మ చెయ్యి నూతి కడవ మీంచి లేచింది. కొంచెంసేపు ఎక్కడా వాలలేదు. తర్వాత పక్క కడవలో ముంచింది. నా వైపు చూడలేదు. గ్లాసులు తీసుకెళ్ళి ఇచ్చింది. సుశీలమ్మగారు గటగటా తాగి, "అబ్బ, ప్రాణం లేచొచ్చిందండి. ఇవి మీ నూతినీళ్ళేనా?" అన్నారు.

"ఆయ్. మా నూతివేనండి" అంది అమ్మ.

నాన్న స్తంభాన్ని పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. అందరి కళ్ళూ సత్తెమ్మ అత్త మీదే. అత్త నోరు తెరిచింది. అమ్మ మొహంలోకి చూసింది. కొంగు భుజం చుట్టూ లాక్కుని, "వడ్డిస్తున్నారండి, భోంచేసి కాఫీ తాగి వెళుదురు గాని" అంది. అంతే. అన్నేళ్ళుగా మావయ్య ముందు ఆడిన నాటకం కదా, వెంకట్రాజుగారి పేరు వినగానే పేటంతా తన వేషం తాను కట్టేసింది. ఇంజనీరుగారు నూతి వైపు లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. "ఇక చూసేదేముందండి, పొద్దున్నుంచీ ఊరూరా ఉప్పు తాగి నాలిక మొద్దుబారిపోయింది. మీరు అదృష్టవంతులు" అన్నారు. రొయ్యలూ మామిడికాయా వేసి అమ్మ వండిన కూర రెండేసిసార్లు వడ్డించుకుని, మా మర్యాదను పదే పదే పొగిడి, వెళ్ళిపోయారు. రేవు దాకా సాగనంపడానికి వెళ్ళిన మగవాళ్ళు కూడా, ఆయ్, మళ్ళీ రండి అనే వచ్చారు. వెనక్కి పిలిచి నిజం చెప్పాలంటే, మా ఆవిడ అబద్ధమాడిందండి అని నాన్నే చెప్పాలి. నాన్నకు ఆ మాట నోట్లోంచి రాలేదు. నాన్న చెప్పాల్సిన మాట మనం ఎలా చెపుతాం అని మిగతావాళ్ళు ఊరుకున్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మమ్మల్ని అడగడానికి ఇంటికొచ్చినవాళ్ళకు కూడా మేం చెప్పుకోలేకపోయాం.

మరుసటి వేసవికి ఎగువ పల్లెలో ట్యాంకు లేచింది, కుళాయిలు వచ్చాయి. మా పేటలో ఒక్కళ్ళు కూడా అమ్మను పల్లెత్తు మాట అనలేదు. వాళ్ళెళ్ళిన ఆ సాయంత్రమే సత్తెమ్మ అత్త ఎప్పటిలాగే గిన్నెలో చేపల పులుసు తెచ్చి ఇచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుని, వేరే ఏవో కబుర్లు చెప్పి వెళ్ళింది. ఎవరైనా వచ్చి జుట్టు పట్టుకుని తిట్టి ఉంటే అమ్మ ఏడ్చి తేలికపడేది. మామ్మ కూడా నూతిని తిట్టడం మానేసింది, కోడలికి ఎక్కడ తగులుతుందోనని. ఆ ఇంట్లో అందరూ ఒకరితో ఒకరు అంత మెత్తగా మాట్లాడుకుంటుంటే నాకు ఊపిరాడేది కాదు.

అమ్మ తనకు తానే ఒక శిక్ష వేసుకుంది. కాలవలు కట్టెయ్యగానే సాయంత్రాలు గట్టు వెంట ఎగువ పల్లెకు నడిచి నీళ్ళు తెచ్చేది. మా ఇంటికే కాదు, సత్తెమ్మ అత్తకు మోకాళ్ళ నొప్పులని వాళ్ళింటికీ, పురిటి మనిషి ఉందని ఇంకో ఇంటికీ. వద్దు వదినా అని వాళ్ళు ఎంత మొత్తుకున్నా వినేది కాదు. నన్ను తోడు తీసుకెళ్ళేది. ఎగువ పల్లె ఆడవాళ్ళకు సంగతంతా తెలిసిపోయింది. మేం కుళాయి దగ్గర కనబడగానే మొదలుపెట్టేవారు.

"తప్పుకోండర్రా, తియ్యనూతి పేటోళ్ళొచ్చేరు."

"ఏమ్మా, మీ నూతిలో పంచదార అయిపోయిందేటి?"

వాళ్ళందరి బిందెలూ నిండాకే మా వంతు. అమ్మ తల వంచుకుని నవ్వేది. ఆ నవ్వే నాకు ఒళ్ళు మండించేది. ఆ ఆడవాళ్ళ పిల్లలంతా నా బడిలోనే, నా బల్ల మీదే కూర్చుంటారు. మర్నాడు బళ్ళో ఎవరు ఏ మాటంటారోనని రాత్రి అన్నం సయించేది కాదు. తిరిగొచ్చేటప్పుడు అమ్మకు వెనకగా, తనకూ నాకూ సంబంధం లేనట్టు నడిచేదాన్ని. ఒకసారి గట్టు మీద ఆపి అడిగేశాను. "ఎందుకలా చెప్పేవమ్మా? అందరూ కలిసి అనుకున్నదే కదా?"

అమ్మ బిందె చంక మార్చుకుంది. "మీ మావయ్యకి తెలుస్తుందనే బెదిరేను బుల్లీ. అదొక్కటే కాదే. ఎండన పడొచ్చి మన గుమ్మంలో కూచుంది ఆవిడ. నేనిచ్చిన గ్లాసు నోట పెట్టుకుని మొహం చిట్లిస్తే, నేను చూడలేననిపించింది" అంది. ఇంత చిన్నదానికా అనుకున్నాను. ఊరి గొంతెండిపోతుంటే ఒక పరాయి మనిషి మొహం చిట్లించడం గొప్ప సంగతా అని మనసులో అమ్మను ఛీ కొట్టాను.

ఆ వేసవి చివర్లో సుశీలమ్మగారు కుళాయిలు ఎలా పనిచేస్తున్నాయో చూడటానికి ఎగువ పల్లెకు వచ్చారు. మేం వరసలో చివర నిలబడి ఉన్నాం. మామూలుగానే ఎవరో పంచదార మాట ఎత్తారు, నలుగురూ నవ్వారు. ఆవిడ వెనక్కి తిరిగి అమ్మను గుర్తుపట్టారు. "అదేవిటండీ, మీ పెరట్లో అంత మంచి నుయ్యుండగా ఇంత దూరం వచ్చేరు?" అన్నారు. నవ్వులు ఆగిపోయాయి. నాకు అక్కడికక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. అమ్మ ఖాళీ బిందెలు ఎత్తుకుని, "ఒక్కసారి మా ఇంటికి రండి" అంది. గట్టు పొడుగునా అమ్మ ముందు, ఆవిడ వెనక, ఆఖర్న నేను. మా పేటవాళ్ళు ఒక్కొక్కళ్ళే పనులు వదిలేసి మా వెనకాలే వచ్చారు.

అమ్మ ఆవిడను వసారాలో కూర్చోబెట్టి, అందరి ముందూ నూతిలో చేద వేసింది. వడకట్టలేదు, తేర్చలేదు. నీళ్ళు గ్లాసులో పోసి రెండు చేతులతో పట్టుకుని ఇచ్చింది.

"ఇవండీ మా నూతినీళ్ళు. ఆ రోజు మీరు తాగినవి నర్సాపురం కుళాయివి. నేను అబద్ధమాడేను. వీళ్ళెవరిదీ తప్పు లేదు."

సుశీలమ్మగారు గ్లాసు అందుకున్నారు. ఒక గుక్క తాగి ఆపుతారనుకున్నాను. ఆపలేదు. చుట్టపుచూపుగా వచ్చినావిడ ఎలా తాగుతుందో అలా, నింపాదిగా, ఆఖరి చుక్కదాకా తాగారు. కనుబొమ ముడిపడలేదు. గ్లాసు కింద పెట్టి, పైట చెంగుతో మూతి తుడుచుకుని, "కాఫీ ఇవ్వరేవిటండీ ఈసారి?" అన్నారు. అమ్మ మొహం కొంగులో దాచుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు సత్తెమ్మ అత్త ముందుకొచ్చి, "ఆ రోజే నేను చెప్పవలసిందండి. మా వదిన మొహం చూసి నోరు రాలేదు" అంది. సుశీలమ్మగారు తలూపారు. ట్యాంకు దగ్గర్నించి గొట్టం ఇక్కడిదాకా లాగే ఏర్పాటు చూస్తానని, వెంకట్రాజుగారికి ఈ సంగతులేవీ తెలియక్కర్లేదని చెప్పి వెళ్ళారు. అన్నమాట నిలబెట్టుకున్నారు. తర్వాతి వేసవికి కాలవలు కట్టేసే వేళకు మా గట్టు మీద రెండు కుళాయిలు వచ్చాయి.

ఇప్పుడు మా పేటకు వెళితే ఆ కుళాయిల చోటు కూడా ఎవరూ చూపించలేరు. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక, దిబ్బల్లో చెలమలు కూడా ఉప్పెక్కిపోయాయి. ఆటో మీద నీళ్ళ టిన్నులు వస్తాయి, కొనుక్కుంటారు. ఎవరింటికి వెళ్ళినా సీసా మూత తీసి చేతికిస్తారు. ఏ నూతి నీళ్ళని అడిగేవాళ్ళు లేరు, చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళూ లేరు. ఇదే నయం కదా అని ఒకోసారి అనుకుంటాను. మొన్న ఆ కొండ ఊరి పిల్ల మాకోసం తెచ్చిన బిందె గుర్తొస్తే, ఏది నయమో నాకు తెలియదు అనిపిస్తుంది. అమ్మను ఛీ కొట్టిన ఆ చిన్నప్పటి కోపం ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు అమ్మ గురించి కాదు, నా గురించే.

నాన్న పోయాక అమ్మ అమలాపురంలో నా దగ్గరే ఉండేది. వంటింట్లో నీళ్ళు శుభ్రం చేసే మిషను బిగించాను. ఎవరొచ్చినా తనే లేచి గ్లాసు నింపి ఇచ్చేది, వాళ్ళు తాగేదాకా ఎదురుగా నిలబడి మొహంలోకి చూసేది. మా పేటవాళ్ళు వచ్చినప్పుడు పాత మాటలు కదిలేవి. అమ్మ ఆనాటి అబద్ధం గురించి, దాని మూలంగా పేట పడిన పాట్ల గురించి ఇప్పుడైనా ఏదో అంటుందని ఎదురుచూసేదాన్ని. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. తను పోయిన ఏడు, మంచం మీద పడుకుని, ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరకు పిలిచింది.

"బుల్లీ, సుశీలమ్మగారి చేత ఆ నీళ్ళు తాగించేను కదే. కాదనకుండా గ్లాసుడూ తాగేసింది, మహాతల్లి. ఇంటికెళ్ళేక ఆవిడకి కడుపులో ఏవీ చెయ్యలేదు కదా?"

"లేదమ్మా, ఏమీ చెయ్యలేదు" అన్నాను. నాకేం తెలుసు. ఆ ఇంట్లో అంతమందిమి ఉండి, ఆ సంగతి ఆవిణ్ణి తర్వాతెప్పుడైనా అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.